ఓడినవాడు మళ్ళీ నిలబడవచ్చునా?

గడచిన పంచాయతీ ఎన్నికల తర్వాత మా పాస్టరేటులోని ఒక గ్రామానికి ఆదివారపు ఆరాధన కొరకు వెళ్ళాము. మందిరములో అడుగుపెట్టగానే మాకు ఒక లోటు కనబడింది. ఎప్పుడూ ముందు చాపమీద కూర్చుండి పాటలెత్తే సహోదరుడు ఆ దినము రాలేదు. ఆయన భార్య మాత్రము పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి వెనుక గుమ్మము దగ్గర కూర్చున్నది. విచారిస్తే సంగతి తెలిసింది. ఆయన సర్పంచి పదవికి నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. గెలిచినవాడు పరాయివాడు కాడు. అదే సంఘస్థుడు, వరుసకు పెద్దమ్మ కుమారుడు. అన్న ఉన్న గుడిలో తమ్ముడు అడుగుపెట్టి మూడు నెలలైనది.

సాయంత్రము మేమిద్దరము వారి ఇంటికి వెళ్ళాము. టీ ఇచ్చారు. కొంతసేపు పంటల సంగతి మాట్లాడుకున్నాక ఆయన ఉండబట్టలేక అడిగాడు. "అయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. వచ్చేసారి మళ్ళీ నిలబడమంటారా, వద్దంటారా?"

మేము నోరు తెరవకముందే పొయ్యి దగ్గరనుండి ఆయన భార్య అన్నది. "నిలబడమనండి అయ్యగారూ. ఒక ఎకరం ఇప్పటికే తాకట్టులో ఉంది. మిగిలిన ఎకరం కూడా అమ్ముకోమనండి. అమ్మగారూ, మీరైనా చెప్పండి."

ఆ పూట మేము జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి వచ్చేశాము. కాని ఆ ప్రశ్న మాతో కూడా ఇంటికి వచ్చింది. అది ఒక పల్లెటూరి మనిషి ప్రశ్న మాత్రమే కాదు. దేశములో అత్యున్నత పదవికి పోటీచేసి ఓడినవారు కూడా ఎదుర్కొన్న ప్రశ్న అది. 2024 నవంబరులో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసి కమలా హారిస్ ఓడిపోయిన వెంటనే అక్కడివారు ఇదే అడిగారు. ఆమె తల్లి మన పొరుగునున్న తమిళనాడు కుటుంబమునకు చెందినది. కాని ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు అంత దూరము వెళ్ళనక్కరలేదు. మన అనంతపురము జిల్లాతోనే మొదలుపెట్టవచ్చును.

1969 ఆగస్టు

నీలం సంజీవరెడ్డిగారు అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామములో 1913లో జన్మించారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఆయనే. ఓటమి ఆయనకు క్రొత్త కాదు. 1952లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికలలో అనంతపురములో ఆయన ఓడిపోయారు. ఓడించినది ఎవరో కాదు, సొంత బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిగారు. ఎన్నికలు ఒకే కుటుంబమును రెండు ప్రక్కల నిలబెట్టడము మన ఊళ్ళలో మాత్రమే జరిగేది కాదని దీనివలన తెలుస్తున్నది.

1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు పదవిలో ఉండగానే మరణించారు. అప్పుడు లోక్‌సభ స్పీకరుగా ఉన్న సంజీవరెడ్డిగారిని కాంగ్రెసు పార్టీ తన అభ్యర్థిగా నిలబెట్టింది. ఆయన స్పీకరు పదవికి రాజీనామా చేశారు. ఆయన నామినేషను పత్రము మీద ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారే సంతకము చేశారు. కాని పోలింగు దగ్గరపడే వేళకు ఆమె తన పార్టీవారిని ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వారు ఓటు వేయమని కోరారు. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడిన వి.వి.గిరిగారికి అది బలమైనది. గిరిగారు కూడా తెలుగువారే. ఆయన కూడా 1957లో పార్వతీపురము లోక్‌సభ స్థానములో ఓటమి చవిచూసినవారే.

ఆగస్టులో ఓట్లు లెక్కించారు. మొదటి ప్రాధాన్యత ఓట్లతో ఎవరికీ కావలసిన సంఖ్య రాలేదు. రెండవ ప్రాధాన్యత ఓట్లు కూడా కలిపితే గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. తేడా 14,650. సొంత పార్టీ అభ్యర్థిగా నిలబడి, సొంత పార్టీవారి ఓట్లు చీలుట వలన ఆయన ఓడిపోయారు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరములు. చేతిలో స్పీకరు పదవి కూడా లేదు.

ఆయన ఢిల్లీ విడిచి అనంతపురము చేరి వ్యవసాయము చేసుకున్నారు. ముఖ్యమంత్రిగా, కేంద్రమంత్రిగా, స్పీకరుగా పనిచేసినవారు పొలము గట్టుమీదికి వచ్చారు. సంవత్సరములు గడిచినవి. 1975లో జయప్రకాశ్ నారాయణ్‌గారి ఉద్యమ కాలములో ఆయన మరల ప్రజల మధ్యకు వచ్చారు. 1977 ఎన్నికలలో నంద్యాలలో జనతా పార్టీ తరపున నిలబడ్డారు. ఆ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానములలో 41 కాంగ్రెసుకే వచ్చినవి. మిగిలిన ఆ ఒక్కటి ఆయనది. లోక్‌సభ ఆయనను మరల స్పీకరుగా ఎన్నుకున్నది. అదే సంవత్సరము జూలైలో రాష్ట్రపతి పదవికి ఆయన రెండవసారి నిలబడ్డారు. 37 మంది నామినేషన్లు వేయగా 36 మందివి తిరస్కరింపబడినవి. ఒకనాడు ఓడిన పదవికే ఆయన పోటీ లేకుండా ఎన్నికై, 1977 జూలై 25న ప్రమాణస్వీకారము చేశారు.

కాబట్టి ఓడినవాడు మళ్ళీ నిలబడవచ్చును అని ఈ చరిత్ర చెప్పుతున్నది. అయితే ఒక మాట చేర్చవలెను. తిరిగి గెలిచినంత మాత్రాన ఆ తర్వాత చేసినదంతా అందరికీ న్యాయముగా తోచదు. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్‌గారు రాజీనామా చేసినప్పుడు, ప్రభుత్వము ఏర్పాటు చేయుటకు తనను పిలువవలెనని జగ్జీవన్‌రామ్‌గారు కోరారు. రాష్ట్రపతి ఆయనను పిలువక లోక్‌సభను రద్దుచేశారు. దళితుడు ప్రధానమంత్రి కాగల అవకాశము ఆనాడు చేజారిపోయినదని బాధపడినవారు ఎందరో ఉన్నారు. పదవి తిరిగి దొరకుట వేరు, దానిలో చేసిన ప్రతి పనికి లెక్క అప్పగించుట వేరు.

మరొక 56 ఏళ్ళ మనిషి

1980 నవంబరు 4న అమెరికాలో జిమ్మీ కార్టర్ ఓడిపోయారు. ఆయన అప్పటికే అధ్యక్షుడు. రెండవసారి గెలవాలని నిలబడితే రోనాల్డ్ రీగన్‌కు 489 ఎలక్టోరల్ ఓట్లు, కార్టర్‌కు 49 మాత్రమే వచ్చినవి. ఆయన వయస్సు కూడా సరిగ్గా 56.

ఇరానులో బందీలుగా ఉన్న 52 మంది అమెరికనుల విడుదల కొరకు ఆయన పదవిలో చివరి గంటవరకు పనిచేశారు. 444 దినములు బందీలుగా ఉన్నవారు 1981 జనవరి 20న, క్రొత్త అధ్యక్షుడు ప్రమాణస్వీకారము చేసిన కొద్ది నిమిషములకే విడుదలయ్యారు. ఫలము కోయుట వేరొకరి దినమున జరిగింది. అయినను మరునాడు కార్టర్ జర్మనీ వెళ్ళి వారిని కలిసికొన్నారు.

తర్వాత ఆయన జార్జియా రాష్ట్రములోని ప్లెయిన్స్ అనే తన చిన్న ఊరికి తిరిగివచ్చారు. అక్కడ ఆయన వేరుసెనగ వ్యాపారము దాదాపు 10 లక్షల డాలర్ల అప్పులో ఉన్నది. చట్టప్రకారము ఆయన అధ్యక్ష పదవికి ఇంకొకసారి నిలబడవచ్చును. ఆయన నిలబడలేదు. ఇక ఏ పదవికీ పోటీ చేయలేదు.

మరి ఏమి చేశారు? 1982లో భార్య రోసలిన్‌తో కలిసి కార్టర్ సెంటర్ అనే సంస్థను స్థాపించారు. 1986నుండి ఆ సంస్థ నారికురుపును నిర్మూలించుటకు పూనుకున్నది. మన పెద్దలకు ఆ వ్యాధి పేరు చెప్పనక్కరలేదు. దిగుడు బావులలో, కుంటలలో నీళ్ళు త్రాగినవారి కాలిలోనుండి సంవత్సరము తర్వాత పొడుగాటి పురుగు బయటకు వచ్చేది. దానిని పుల్లకు చుట్టుకుంటూ దినదినము కొంచెము కొంచెముగా లాగవలసివచ్చేది. కోత కాలములో మనిషి మంచాన పడేవాడు. దానికి మందు లేదు, టీకా లేదు. నీళ్ళు గుడ్డతో వడగట్టుకొని త్రాగుట, పుండు ఉన్నవారు నీళ్ళలో దిగకుండుట, ఇవే మార్గములు. మన దేశము 1983-84లో సొంత కార్యక్రమము మొదలుపెట్టి, ఊరూరా పనిచేసి 1996 తర్వాత ఆ వ్యాధి లేకుండా చేసుకున్నది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ధ్రువీకరించింది. ఆఫ్రికా గ్రామములలో ఆ పనికి కార్టర్ అండగా నిలిచారు. 1986లో 21 దేశములలో సుమారు 35 లక్షల మందికి ఉన్న వ్యాధి 2024లో లోకమంతటా కలిపి 15 మందికి మాత్రమే వచ్చింది.

ఆయన బీదలకు ఇండ్లు కట్టే హాబిటాట్ సంస్థతో కలిసి సుత్తి పట్టుకున్నారు. 2006లో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గరకు కూడా వచ్చి ఇండ్లు కట్టారు. 2002లో నోబెల్ శాంతి బహుమానము వచ్చింది. తన ఊరి బాప్టిస్టు సంఘములో తొంబై ఏళ్ళు దాటినను సండేస్కూలు చెప్పారు. 2024 డిసెంబరు 29న నూరు సంవత్సరముల వయస్సులో ప్రభువు పిలుపు అందుకున్నారు.

ఇద్దరికీ ఓడిననాటికి 56 ఏళ్ళే. ఒకరు మళ్ళీ నిలబడ్డారు, ఒకరు నిలబడలేదు. ఎవరిది సరి? ఇద్దరిదీ సరియేనని మేము అనుకుంటాము. ఎందుకో చెప్పుటకు ముందు ఇంకొక ఇద్దరిని చూడవలెను.

చిన్న కుర్చీ, పెద్ద పని

జాన్ క్విన్సీ ఆడమ్స్ అమెరికాకు ఆరవ అధ్యక్షుడు. 1828లో ఆండ్రూ జాక్సన్ చేతిలో ఓడిపోయారు. రెండేళ్ళ తర్వాత ఆయన ఊరివారు ఆయనను ప్రతినిధుల సభకు నిలబడమని అడిగారు. దేశాధ్యక్షుడిగా పనిచేసిన మనిషి ఒక మామూలు సభ్యుడుగా కూర్చుంటే పరువు తక్కువ కాదా అని కొందరు సందేహించారు. ప్రజలు ఎన్నుకుంటే సభ్యుడుగా పనిచేయుట గాని, ఊరి పంచాయతీ మెంబరువంటి పదవిలో పనిచేయుట గాని ఏ మాజీ అధ్యక్షుని పరువునూ తగ్గించదని ఆయన భావము. 1830లో ఆయన గెలిచారు. 17 సంవత్సరములు ఆ సభలో కూర్చున్నారు.

ప్రతి ఉదయము బైబిలు చదివే అలవాటు గల ఆ మనిషి అక్కడ ఏమి చేశారో వినండి. బానిసత్వమును తీసివేయమని ప్రజలు పంపే అర్జీలను సభలో చర్చించకూడదని 1836లో ఒక నియమము పెట్టారు. ఆడమ్స్ దానిని ఎదిరించారు. తోటి సభ్యులు కేకలు వేసినా, అభిశంసించబోయినా, ఏటేటా అర్జీలు తెచ్చి సభ ముందు పెట్టారు. ఎనిమిదేళ్ళ పోరాటము తర్వాత 1844లో ఆ నియమము రద్దయినది. 1841లో ఆమిస్టాడ్ ఓడలోని ఆఫ్రికావారి స్వేచ్ఛ కొరకు సుప్రీంకోర్టులో వాదించి నెగ్గినవారిలో ఆయన ఒకరు. 1848 ఫిబ్రవరిలో సభలో తన స్థానములోనే కుప్పకూలి, రెండు దినముల తర్వాత ఆ భవనములోనే కన్నుమూశారు. ఆ సభలో ఆనాడు అబ్రహాం లింకన్ అనే క్రొత్త సభ్యుడు కూడా ఉన్నారు.

పెద్ద కుర్చీలో నాలుగేళ్ళలో చేసినదానికంటె, ఓడిన తర్వాత చిన్న కుర్చీలో చేసిన పనిని బట్టే ఆడమ్స్‌ను ఎక్కువమంది గౌరవముగా తలచుకుంటారు.

గెలుపు కూడా స్వస్థపరచదు

రెండవవాడు రిచర్డ్ నిక్సన్. 1960లో జాన్ కెన్నెడీ చేతిలో ఓడారు. దేశమంతటా కలిపి తేడా లక్ష పైచిలుకు ఓట్లే. 1962లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి నిలబడి మరల ఓడారు. ఇదే తన చివరి పత్రికా సమావేశమని కోపముగా చెప్పి వెళ్ళిపోయారు. అయినను 1968లో తిరిగి నిలబడి అధ్యక్షుడయ్యారు. 1972లో 50 రాష్ట్రములలో 49 గెలిచారు. లోకము దృష్టికి ఇంతకంటె గొప్ప తిరిగిరాకడ ఉండదు.

కాని అదే 1972లో ఆయన మనుష్యులు ప్రతిపక్షము కార్యాలయములో దొంగతనముగా జొరబడి పట్టుబడ్డారు. దానిని కప్పిపుచ్చుటలో అధ్యక్షునికే చేయి ఉన్నదని బయటపడింది. 1974 ఆగస్టు 9న ఆయన పదవి విడువవలసివచ్చింది. ఆయన హృదయమును తీర్పు తీర్చుట మా పని కాదు. కాని ఒక సంగతి మనకు కనబడుతున్నది. ఓటమి చేసిన గాయము గెలుపుతో మానదు. అంత గెలిచినను ఎదుటివాడిని గూర్చిన భయము పోకపోతే, గెలుపు మనిషిని ఇంకా లోతుకు దించగలదు.

అధ్యక్ష పదవిలో ఉండగా ఓడి, తిరిగి నిలబడి గెలిచినవారు అమెరికాలో ఇద్దరున్నారు. 1888లో ఓడి 1892లో గెలిచిన గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒకరు. 2020లో ఓడి 2024లో గెలిచిన డోనాల్డ్ ట్రంప్ మరొకరు. మూడుసార్లు, అంటే 1896, 1900, 1908లో నిలబడి మూడుసార్లూ ఓడిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ ప్రెస్బిటేరియన్ సంఘస్థుడు. కాబట్టి చట్టము అడ్డము రాదు. ఓటు వేసేది ప్రజలు. మనము అడగవలసిన ప్రశ్న మనస్సాక్షికి సంబంధించినది.

లేఖనములో ఓడిన అభ్యర్థి

బైబిలులో ఎన్నిక ఓడిన అభ్యర్థి ఉన్నాడా అని మేము వెదికాము. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో ఆయన కనబడ్డాడు. యూదా స్థానములో ఒకరిని నియమించుటకు శిష్యులు ఇద్దరిని నిలువబెట్టారు. ఇద్దరూ మొదటినుండి ప్రభువుతో తిరిగినవారే. చీటి మత్తీయ పేరట వచ్చింది. రెండవవాడు బర్సబ్బా అనే యోసేపు. ఆ తర్వాత లేఖనము ఆయన గూర్చి ఏమీ చెప్పలేదు. సణిగినట్టు లేదు. మరో గుంపు కట్టినట్టు లేదు. అందరూ ఒకచోట కూడియున్న పెంతెకొస్తు దినమున ఆయన కూడా అక్కడ ఉన్నాడని నమ్ముటకు మనకు ఏ అడ్డూ లేదు. పదవి రాలేదు గాని పరిశుద్ధాత్మ వచ్చాడు. ఆ చీటి ఆయనను అపొస్తలత్వమునకు దూరము చేసింది గాని మేడగదికి దూరము చేయలేదు.

ఇంకొకడు అదోనీయా. రాజ్యము సొలొమోనుకు వెళ్ళినది. మొదట క్షమాపణ కూడా దొరికింది. అయినను అతడు ఊరుకోక, బత్షెబ ద్వారా దొడ్డిదారిన మరల ప్రయత్నించి ప్రాణము పోగొట్టుకున్నాడు. మూడవవాడు మార్కు అనే యోహాను. పంఫూలియలో వెనుదిరిగినవాడని పౌలు అతనిని వెంటబెట్టుకొని పోలేదు. బర్నబా చేయి పట్టుకున్నాడు. ఏండ్లు గడిచిన తర్వాత అదే పౌలు, మార్కు తనకు కావలెనని తిమోతికి వ్రాశాడు. పడినవాడు మళ్ళీ లేవవచ్చుననుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? కాని నడుమ ఉన్న ఏండ్లను మరువకూడదు. ఆ ఏండ్లలో మార్కు పనికివచ్చేవాడయ్యాడు.

ఇక్కడే మాకు జవాబు దొరికింది. ఓడినవాడు మళ్ళీ నిలబడవచ్చునా అనే ప్రశ్నకు జవాబు, నామినేషను వేసే దినమున దొరకదు. ఓడిన మరుసటి దినమునుండి అతడు ఏమి చేశాడో దానిలో దొరుకుతుంది.

మూడు ప్రశ్నలు

ఆ సహోదరునికి, అట్టి స్థితిలో ఉన్న ప్రతి కుటుంబమునకు మూడు ప్రశ్నలు చెప్పదలిచాము.

మొదటిది, ఏ పని కొరకు నిలబడుతున్నారు? మంచినీటి బోరు కొరకా, బడికి గోడ కొరకా, లేక పోయిన పరువు కొరకా? పని కొరకైతే, కుర్చీ లేకుండా ఆ పని ఎంతవరకు చేయవచ్చునో చేసి చూడండి. కార్టర్ అలా చేశారు. దానికి చిన్న కుర్చీ చాలునంటే, వార్డు మెంబరుగా నిలబడుటకు సిగ్గుపడకండి. ఆడమ్స్ సిగ్గుపడలేదు.

రెండవది, ఈ ఖర్చు ఎవరు భరిస్తారు? మద్యమునకు, ఓటుకు ఇచ్చే నోటుకు విశ్వాసి పొలము తాకట్టు పెట్టకూడదు. అది పాపము, పైగా అప్పు. ఇల్లాలి సమ్మతి లేని నామినేషను మీద ప్రార్థన చేయమని మమ్మును అడగవద్దు. రిజర్వేషను మారితే ఆ స్థానము రేపు మీకు దొరకకపోవచ్చును. పొలము మాత్రము తిరిగి రాదు.

మూడవది, మిమ్మును ఓడించినవాని ప్రక్కన కూర్చుండి ప్రభు సంస్కారము తీసుకోగలరా? తీసుకోగలిగితే మీరు నిలబడుటకు సిద్ధముగా ఉన్నారు. గెలిచినా ఊరికి మేలే, ఓడినా మేలే. తీసుకోలేకపోతే, గెలుపు కూడా మీకు మంచిది కాదు.

గెలిచినవారికి కూడా ఒక మాట. ఓడినవాని వీధికి లైటు ఆపినవాడు, అతని ఇంటిముందు కాలువ తీయించనివాడు, వానిని మళ్ళీ నిలబడమని తానే పురికొల్పుతున్నాడు.

తర్వాతి నెల మేము ఆ గ్రామమునకు వెళ్ళి ఈ మాటలు చెప్పాము. ఆయన తల వంచుకొని విన్నాడు. అవునని గాని కాదని గాని అనలేదు. మరుసటి సంస్కారపు ఆదివారమున, రెండవ పాట పాడుచుండగా ఆయన ఆలస్యముగా వచ్చి గుమ్మము దగ్గర నిలిచాడు. ముందు చాపమీద ఉన్న అన్న వెనుదిరిగి చూచి కొంచెము ప్రక్కకు జరిగాడు. ఆ కొంచెము చోటులో ఆయన వచ్చి కూర్చున్నాడు.

వచ్చేసారి నిలబడతాడో లేదో ఆయన ఇంకా చెప్పలేదు. మేమూ అడగలేదు. తాకట్టులోని ఎకరము విడిపించుకొనుటకు ఆ అన్నదమ్ములు ఇప్పుడు ఒకరి పొలములో ఒకరు పనిచేసుకుంటున్నారని ఆయన భార్య మాతో చెప్పింది.

గెలుపులో మనలను గర్వమునుండి, ఓటమిలో పగనుండి ప్రభువు కాపాడును గాక. కుర్చీ ఉన్నను లేకున్నను మన పొరుగువారికి పనికివచ్చే మనస్సును ఆయన మనకు దయచేయును గాక. ఆమెన్.